మూడో డ్రమ్ము

పదిహేడేళ్లు తెల్లకోటు వేసుకున్నాను.
దొడ్డబళ్లాపురం రోడ్డు మీద వైన్ ఫ్యాక్టరీ,
గళ్ల నోటుబుక్కు, పిపెట్టు, నా కోడికెలుకుడు రాత.
రసం రాగానే ముందు చంపాలి, అని నేర్పారు.
తెల్లటి పొడి వేస్తే
అగ్గిపుల్ల ఆర్పినప్పటి వాసన ముక్కులో గుచ్చేది.
తొక్క మీద పుట్టినవన్నీ నోరు మూసుకున్నాక
ప్యాకెట్టు కత్తిరించి
ఫ్రాన్సు ఈస్టు చల్లేదాన్ని.
ఏ ఏడు తాగినా ఒకటే రుచి.
నన్ను మెచ్చుకున్నదీ అందుకే.

ఇప్పుడు కాక్స్ టౌన్‌లో ఒక కారు షెడ్డు.
కారు లేదు. మూడు డ్రమ్ములు, ఒక చెక్క తెడ్డు,
గోడకు బల్లి.
ఓనరు డోరతీ ఆంటీ గుమ్మంలో నిలబడి
"క్రిస్మస్‌కి మా అమ్మ జాడీలోనే చేసేది,
దీనికింత చదువెందుకే పిల్లా" అంటుంది.

బాగేపల్లి నుంచి నారెప్ప
మినీ లారీలో బెంగళూరు బ్లూ తెచ్చాడు,
హెబ్బాళ ఫ్లైఓవర్ బిగుసుకోకముందే, నాలుగింటికి.
"మందు కొట్టలేదు కదా?"
"కొట్టలేదమ్మా. మూడోవంతు పిట్టలకీ బూజుకీ పోయింది.
మందు కొట్టకుండా నేను పండిస్తే
నువ్వు మందు చేస్తావు,
దాన్ని మళ్లీ ఎవడో కొడతాడు."
తన మాటకి తనే నవ్వుకుని
కిలోకి పన్నెండు రూపాయలు ఎక్కువ తీసుకున్నాడు.

కాయ మీద బూడిద పూత.
కడగలేదు.
వేలితో రాస్తే కాయ నల్లగా మెరిసింది,
వేలికి మాత్రం ఏమీ కనపడలేదు.
తోడు అక్కడే ఉంది.

పాలకైతే తోడు కావాలి,
గిన్నె పట్టుకుని పక్కింటికి వెళ్లాలి.
కల్లుకి ఎవరు వేశారు?
మా మేనమామ తాళ్లెక్కేవాడు.
ముంత కట్టి దిగి బీడీ ముట్టించుకునేవాడు, అంతే.
పొద్దున తీపి, మధ్యాహ్నం నురగ,
సాయంత్రానికి పులుపూ, చెట్టు కింద ఒక తగాదా.
ఇంటర్వ్యూలో ఈ సంగతి చెప్పలేదు నేను.

మూడో రోజు మొదటి డ్రమ్ము మాట్లాడింది.
చెవి ఆనించాను.
ఎక్కడో దూరంగా
రేకుల మీద తుంపర.
పైకి తేలిన తొక్కల్ని పొద్దునా సాయంత్రమూ
తెడ్డుతో ముంచడం,
మిగతా పూటంతా
చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం.
ఈ రెండో పనే కష్టం.

మే నెలలో రెండో డ్రమ్ము చెడింది.
మూత తీస్తే గోళ్ల రంగు వాసన,
వారానికి అచ్చమైన వెనిగర్.
డోరతీ ఆంటీ పంది విందాలూకని ఆరు సీసాలు పట్టుకెళ్లింది,
బాగా కుదిరిందని గిన్నెలో పంపింది కూడా.
తిన్నాను. ఏం చేయను.

తర్వాత ఒక రాత్రి రెండింటికి
మూడో డ్రమ్ములోనూ అదే వాసన,
సన్నగా, ఉందా లేదా అన్నట్టు.
అలమారలో పాత డబ్బా ఉంది.
ఎందుకు పారేయలేదో నన్నడక్కండి.
రెండు వందల లీటర్లకి ఆరు గ్రాములు.
త్రాసు అక్కర్లేకపోయింది, చేతికి గుర్తుంది.
బల్లి చూసింది.

ఇందిరానగర్‌లో రుచి చూపించే సాయంత్రం
ఒక కుర్రాడు గ్లాసుని దీపానికెత్తి
"మడ్డిగా ఉందేంటండీ?" అన్నాడు.
"వడకట్టలేదు."
"అంటే ఏమీ కలపలేదా? ఒట్టి ద్రాక్షేనా?"

మొదటి డ్రమ్ముదైతే ఔననేదాన్ని.
వాడి చేతిలో ఉన్నది మూడోది.

"ఆరు గ్రాములు వేశాను," అన్నాను.
"ఒక రాత్రి భయమేసింది."

ఇంకో గుక్క తాగి, కళ్లు మూసుకుని, వెతికాడు.
"ఏం తెలియట్లేదే!"

నేనూ కొంచెం పోసుకున్నాను.
నేరేడు, తడి గోనె,
నారెప్ప తోటలో ఎండ.
అన్నీ దిగిపోయాక
నాలుక చివర
ఎవరో అప్పుడే ఆర్పిన అగ్గిపుల్ల.